లినక్స్‌లో మా పాత గేమ్

నిన్న రాత్రి పన్నెండున్నరకి మా తమ్ముడికి ఫోన్ చేసి లేపాను. "ఒరేయ్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 నడిచిందిరా, లినక్స్‌లో!"

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్ మింట్, వేసుకుని నెల అయింది. అన్నీ బాగున్నాయి, విండోస్ కోసం చేసిన గేమ్స్ మాత్రం వదులుకోవాలేమో అన్న బెంగ ఉండేది. గేమ్స్ కొని ఆడుకునే స్టీమ్ యాప్ సెట్టింగ్స్‌లో, విండోస్ గేమ్స్‌ని లినక్స్‌లో నడిపించే ప్రోటాన్‌ని ఆన్ చేసి ఇన్‌స్టాల్ నొక్కాను, అంతే. మొదటిసారి తెర నల్లగా ఉండిపోయింది, టెన్షన్ పడ్డాను. ప్రోటాన్ వెర్షన్ మార్చాక ఆ పాత సంగీతం వినిపించింది. చిన్నప్పుడు వంతులేసుకుని ఆడిన రోజులన్నీ కళ్ల ముందు తిరిగాయి.

దీని వెనక ఉన్న వైన్ అనే ప్రాజెక్టు 1993లో మొదలైంది. మొదటి స్థిరమైన వెర్షన్ 1.0 వచ్చింది 2008లో. పదిహేనేళ్లు! ఎంత ఓపిక! అది కంప్యూటర్ లోపల ఇంకో విండోస్‌ని నడపదు. గేమ్ విండోస్‌ని ఏదైనా అడిగితే, ఆ మాటని అప్పటికప్పుడు లినక్స్‌కి అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. తెర మీది బొమ్మల పని డీఎక్స్‌వీకే అనే ఇంకో ప్రోగ్రామ్ చూసుకుంటుంది, విండోస్ గేమ్స్ బొమ్మలు గీయడానికి వాడే డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాల్ని లినక్స్‌లో అదే పని చేసే వల్కన్‌లోకి మారుస్తుంది. వీటన్నిటినీ కలిపి స్టీమ్ నడిపే కంపెనీ వాల్వ్ 2018లో ప్రోటాన్‌గా ఇచ్చింది.

అన్నీ నడవవు. ఆటలో మోసాన్ని పట్టే యాంటీ చీట్ ప్రోగ్రామ్ ఉన్న ఆన్‌లైన్ గేమ్స్ కొన్ని అసలు తెరుచుకోవు. తమ్ముడు ఆడేది అలాంటిదే, వాడికి విండోస్ తప్పదు.

వైన్‌కి కోడ్ రాసిన వాళ్లలో ఒక్కరి ముఖమూ నాకు తెలియదు. వాళ్లందరికీ మనస్ఫూర్తిగా దండం. ఆదివారం తమ్ముడు వస్తున్నాడు, మళ్లీ వంతులేసుకుని ఆడతాం.