అలాస్కా హైవేలో గట్టు మీద కన్ను

తొమ్మిదో తరగతిలో చలన సమీకరణాలు బట్టీ పట్టి, పరీక్ష అవ్వగానే మర్చిపోయిన బ్యాచ్ మనది. వాటిలో ఒకటి అలాస్కా హైవే మీద మళ్లీ పనికొస్తుంది. అందుకే ఈ సంచికకి హాస్టలు కబుర్లు కాకుండా, ఆ దారిలో అడవి జంతువుల్ని చూడ్డం గురించి రాస్తున్నాను. అటు బయల్దేరే మనవాళ్లకి ఉపయోగపడుతుంది.

కెనడాలోని డాసన్ క్రీక్‌లో మొదలై యూకాన్ మీదుగా అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా పోయే రోడ్డు ఇది. 1942లో అమెరికా సైన్యం వేసింది. రోడ్డుకి రెండు పక్కలా చాలా మేర అడవిని కొట్టేసి గట్టు ఖాళీగా ఉంచుతారు. చూడ్డానికి దొరికేదంతా ఆ గట్టు మీదే. ఎండ నేరుగా పడుతుంది కాబట్టి అడవి లోపలికంటే అక్కడ గడ్డి, క్లోవర్, డాండిలియన్ ముందు మొలుస్తాయి. మే, జూన్‌లలో నల్ల ఎలుగులు ఆవుల్లా తల వంచుకుని మేస్తుంటాయి. దూరాన కనిపించే నల్లటి ముద్ద కాలిన మొద్దో ఎలుగో తేలాలంటే అర నిమిషం ఓపిక పట్టాలి. ఎలుగైతే తల ఎత్తుతుంది.

గ్రిజ్లీని (గోధుమరంగు ఎలుగుల్లో ఒక రకం) రంగు చూసి గుర్తుపట్టాలనుకుంటే పప్పులో కాలేసినట్టే. నల్ల ఎలుగుల్లో గోధుమరంగువీ ఉంటాయి. చూడాల్సింది భుజాల మీద మూపురం. గ్రిజ్లీకి అది ఉబ్బి కనిపిస్తుంది, పక్కనుంచి చూస్తే మొహం కాస్త లోపలికి వంగి ఉంటుంది. నల్ల ఎలుగుకి మూపురం ఉండదు, నుదుటినుంచి ముక్కుదాకా ఇంచుమించు తిన్నగా ఉంటుంది, చెవులు పెద్దవిగా నిక్కి ఉంటాయి.

గడ్డి తర్వాత ఉప్పు. మంచో లేక్ దగ్గర కొండ చరియల్లో ఖనిజ లవణాలున్న మట్టి ఉంది. దానికోసం స్టోన్ షీప్ గొర్రెలు పిల్లలతో సహా రోడ్డు మీదికి దిగి నాకుతుంటాయి. పక్కన కొండ, మరో పక్క సరస్సు, మధ్యలో మలుపులు. మలుపు తిరగ్గానే మంద ఎదురైతే తప్పించుకోడానికి చోటుండదు. అక్కడ ముందే నెమ్మదించాలి.

లియర్డ్ నది వేడినీటి బుగ్గలనుంచి వాట్సన్ లేక్ అనే ఊరి వైపు వెళ్లేటప్పుడు వుడ్ బైసన్ అనే అడవి దున్నల మందలు తగులుతాయి. అవి ఆ ప్రాంతంలో అంతరించిపోతే మళ్లీ తెచ్చి వదిలారు. రోడ్డుకి అడ్డంగా నిలబడితే హారన్ కొట్టకండి. ఇంజను ఆన్‌లో ఉంచి, ప్రమాద సూచిక లైట్లు వేసి, దూరంగా ఆగండి. తోక నిటారుగా లేపిందంటే చిరాకు పడిందని అర్థం, వెనక్కి తగ్గాలి.

క్లూయేన్ సరస్సు ఒడ్డున షీప్ మౌంటెన్ ఉంది. అక్కడి తెల్లటి డాల్ గొర్రెలు వేసవిలో చాలా పైకెక్కిపోతాయి. కింద నుంచి చూస్తే కరగని మంచు ముక్కల్లా ఉంటాయి. ఐదు నిమిషాలయ్యాక ఒక ముక్క పక్కకి జరిగిందా, అది గొర్రె. దీనికి 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మిల్లీమీటర్లది) చాలు. 10 రెట్లది చేతిలో ఎక్కువ వణుకుతుంది. కార్లోంచి చూస్తే ఇంజను ఆపండి, లేకపోతే ఆ అదురు చిత్రాన్ని చెదరగొడుతుంది. కిటికీ దించిన వెంటనే లోపలి వేడిగాలి బయటికి పోతూ దృశ్యాన్ని అలలు చేస్తుంది, ఒక నిమిషం ఆగాలి. తలుపు అంచున చొక్కా మడిచి పెట్టి దానిమీద మోచేతులు ఆనిస్తే ఇంకా నయం.

ఇక మొదట చెప్పిన సమీకరణం, v² = u² + 2as. మూస్ అనే పెద్ద దుప్పి మగది ఐదారొందల కిలోలుంటుంది. కాళ్లు ఎంత పొడవంటే, కారు తగిలితే ఒళ్లంతా బానెట్ మీదుగా అద్దంలోకి వచ్చి పడుతుంది. ఒళ్లు ముదురు గోధుమరంగు, కళ్లేమో హెడ్‌లైట్ల లో బీమ్ (కిందికి దించిన) వెలుగుకి పైన. అందుకే మిగతా జంతువుల్లా కళ్లు మెరవకపోవచ్చు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో, ఒకటిన్నర సెకను ఆలోచనకి 42 మీటర్లు, పొడి రోడ్డు మీద బ్రేకుకి మరో 56 మీటర్లు పోతాయి. లో బీమ్ చూపించేది 50, 60 మీటర్లే. 70కి తగ్గిస్తే మొత్తం 57 మీటర్లలో ఆగుతుంది, ఎందుకంటే బ్రేకు దూరం వేగం వర్గంతో పెరుగుతుంది. చిమ్మచీకట్లో నా లెక్క 70 దాటదు. జూన్‌లో ఈ దారిలోని వైట్‌హార్స్ నగరంలో రాత్రి 11 దాటాక గానీ పొద్దు కుంకదు కాబట్టి అప్పుడు చిక్కు మసక వెలుతురుతోనే. సెప్టెంబరులో నిజంగానే చీకటి, పైగా మగ మూస్‌లు జతకోసం వెతుకుతూ రోడ్డు చూసుకోవు. ఆడది దాటితే వెంటనే బయల్దేరొద్దు, వెనక పిల్ల ఉండొచ్చు.

కెనడా జాతీయ ఉద్యానాల్లో ఎలుగు, తోడేళ్లకి 100 మీటర్ల దూరం, మూస్‌లాంటివాటికి 30 మీటర్లు పాటించాలి. కొలవడానికి చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డం పెట్టండి. జంతువు వేలి వెనక దాగకపోతే మరీ దగ్గరగా ఉన్నట్టు. ఎలుగుల్ని తరిమే కారం స్ప్రేని విమానంలో చెకిన్ సామానులో కూడా ఒప్పుకోరు, అక్కడే కొనుక్కోవాలి. ఎండలో డాష్‌బోర్డు మీద వదిలేస్తే పేలొచ్చు.

గట్టు పొదల్లోంచి రావెన్ కాకులు గుంపుగా లేస్తూ వాలుతూ ఉంటే మాత్రం ఫొటోకని దిగకండి. అక్కడ ఏదో చచ్చి పడుంది, దాన్ని తన సొంతం అనుకుంటున్న ఎలుగు ఆ పొదల్లోనే ఉండొచ్చు.