1916లో రెండు రచనలు: సిద్ధాంతం పేపర్‌లో అంబేద్కర్‌కు చోటెక్కడ?

1916లో జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ హిందూమతం, బౌద్ధం గురించిన తన వ్యాసాలను జర్మనీలో ఒక పరిశోధన పత్రికలో ప్రచురించడం మొదలుపెట్టారు. అదే ఏడాది మే 9న, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ నిర్వహించిన మానవశాస్త్ర సెమినార్‌లో, 25 ఏళ్ల భీమ్‌రావ్ అంబేద్కర్ భారతదేశంలోని కులాల మీద ఒక పత్రం చదివారు. వెబర్ మన దేశానికి ఎన్నడూ రాలేదు. జనగణన నివేదికల నుంచి, అనువాద గ్రంథాల నుంచి కులాన్ని అర్థం చేసుకున్నారు. కులాన్ని పుట్టుక నుంచీ భరించిన అంబేద్కర్ తన సొంత గాయాలను ఆ పత్రంలోకి తీసుకురాలేదు. కులం ఎలా పుట్టింది, ఎలా నిలిచింది, ఎలా వ్యాపించింది అన్న మూడు ప్రశ్నలకు తర్కంతోనే సమాధానం చెప్పడానికి పూనుకున్నారు.

నేను చదివిన సమాజశాస్త్రం ఎం.ఏ. సిలబస్‌లో వెబర్ ‘శాస్త్రీయ సిద్ధాంతం’ (క్లాసికల్ థియరీ) పేపర్‌లో, ఆ శాస్త్రానికి మూలపురుషులైన మార్క్స్, దుర్ఖైమ్‌ల సరసన ఉండేవారు. అంబేద్కర్ మరో సెమిస్టర్‌లో, ‘భారతీయ సమాజం’ పేపర్‌లో, సంస్కర్తల జాబితాలో కనిపించేవారు. సివిల్స్ పరీక్ష సమాజశాస్త్రం ఐచ్ఛిక పాఠ్యాంశంలో కూడా మొదటి పేపర్‌లోని సిద్ధాంతకర్తలందరూ పాశ్చాత్యులే. రెండో పేపర్‌లో కుల అధ్యయన దృక్పథాల కింద ఘుర్యే, శ్రీనివాస్, డ్యూమాంట్, బెతేల పేర్లు ఉన్నాయి గానీ అంబేద్కర్ పేరు లేదు. ఆలోచన ఒక చోట పుడుతుందని, దాన్ని సరిచూసుకోవడానికి సమాచారం మాత్రం మన దగ్గర దొరుకుతుందని ఈ విభజన విద్యార్థికి మాటల్లో చెప్పకుండానే నేర్పుతుంది. దీన్ని నేను అంగీకరించలేను. అంబేద్కర్ 1916 పత్రాన్ని మూలంలో, నిదానంగా చదివినవారెవరూ అంగీకరించలేరని నా నమ్మకం.

అందులోని వాదాన్నే చూద్దాం. కులం గురించి తనకు ముందు రాసిన సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లే, కేత్కర్‌ల నిర్వచనాలను అంబేద్కర్ ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు. కులం బయటివారితో కలిసి భోజనం చేయకపోవడాన్ని లక్షణంగా చూపిన నెస్‌ఫీల్డ్ ఫలితాన్ని కారణంగా పొరబడ్డారని అంటారు. మైల భావన కూడా కులానికి మాత్రమే ప్రత్యేకమైనది కాదంటారు. అన్నీ తీసివేయగా మిగిలేది అంతర్వివాహం, అంటే సొంత సమూహంలోనే పెళ్లాడాలన్న నియమం, ఒక్కటే. స్వగోత్రంలో వివాహాన్ని నిషేధించే బహిర్వివాహ నియమం బలంగా ఉన్న సమాజంలో, దాని మీద అంతర్వివాహాన్ని రుద్దితేనే కులం ఏర్పడుతుందన్నది ఆయన సూత్రీకరణ. గోత్రం వేరుగా, కులం ఒకటిగా ఉండాలని కోరే మన పెళ్లి సంబంధాల ప్రకటనల్లో ఈ రెండు నియమాలూ నేటికీ పక్కపక్కనే అచ్చవుతున్నాయి.

ఇక్కడి నుంచి ఆయన వేసే అడుగే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది. స్త్రీపురుషుల సంఖ్య దాదాపు సమానంగా ఉన్న సమూహం తన తలుపులు మూసుకుంటే, భర్త చనిపోయినప్పుడు ఒక స్త్రీ, భార్య చనిపోయినప్పుడు ఒక పురుషుడు ‘మిగులు’గా తేలతారు. మిగిలిన స్త్రీ బయటివారిని పెళ్లాడితే అంతర్వివాహం చెడుతుంది. లోపలే మళ్లీ పెళ్లాడితే పెళ్లికాని కన్యకు వరుడు తగ్గుతాడు. సహగమనం, నిర్బంధ వైధవ్యం ఈ చిక్కుకు సమూహం కనిపెట్టిన పరిష్కారాలు. మిగిలిన పురుషుణ్ణి సమూహం వదులుకోదు కాబట్టి, ఇంకా పెళ్లీడుకు రాని బాలికల నుంచి అతనికి భార్యను తెస్తారు. బాల్యవివాహం అలా వస్తుంది. విడివిడి దురాచారాలుగా మనకు బోధించిన మూడింటినీ ఒకే యంత్రాంగంలో భాగాలుగా చూపడం కంటే సిద్ధాంతం చేయగల పని ఇంకేముంటుంది? 1993లో ఉమా చక్రవర్తి బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని ఒక భావనగా నిర్వచించినప్పుడు, 2013లో షర్మిలా రెగె అంబేద్కర్ రచనలను స్త్రీవాద దృష్టితో మళ్లీ ముందుకు తెచ్చినప్పుడు, కులాన్నీ స్త్రీల మీద నియంత్రణనూ విడదీయలేమన్న ఈ అవగాహనే సమకాలీన సిద్ధాంతంలో బలపడింది.

కులం వ్యాప్తికి ఆయన ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త గాబ్రియేల్ టార్డ్ అనుకరణ సూత్రాలను, అంటే పైవారిని కిందివారు అనుకరిస్తారన్న వాదాన్ని, వాడుకున్నారు. టార్డ్ గ్రంథం ఆంగ్లానువాదం 1903లో వచ్చింది; దానికి పీఠిక రాసిన గిడ్డింగ్స్ కొలంబియాలోనే ఆచార్యులు. సమాజశాస్త్ర పద్ధతి గురించి దుర్ఖైమ్ 1895లో రాసిన గ్రంథం మాత్రం 1938 వరకు ఆంగ్లంలోకి రాలేదు. అయినా, మనువు అనే ఒక్క శాసనకర్త కులాన్ని సృష్టించి ఉండలేడని, అప్పటికే ఉన్నదాన్ని అతను క్రోడీకరించాడని అంబేద్కర్ వాదించిన తీరు, సామాజిక వాస్తవానికి కారణం వ్యక్తి సంకల్పంలో కాక సమాజంలోనే వెతకాలన్న దుర్ఖైమ్ నియమానికి ఎంతో దగ్గరగా ఉంటుంది. దుర్ఖైమ్ ప్రత్యర్థి అయిన టార్డ్ సూత్రాలు వాడుతూనే అంబేద్కర్ దుర్ఖైమ్ తరహా నిర్ణయానికి చేరుకోవడం సెమినార్‌లో ఒక రోజంతా చర్చించదగిన విషయం. కొందరు తలుపు మూసుకున్నారు, తక్కినవారికి తలుపు మూసి కనిపించింది అన్న అంబేద్కర్ భావం, ఒక సమూహం బయటివారికి అవకాశాలు దక్కకుండా చేయడాన్ని గురించి వెబర్ చెప్పిన ‘సామాజిక మూసివేత’ పక్కన పెట్టి చదవవలసినదే. కింది కులాలు పైకులాల ఆచారాలను అనుసరించే ప్రక్రియకు ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అని పేరు పెట్టిన పుస్తకం 1952లో గానీ రాలేదు.

అయితే, సిద్ధాంతకర్తగా గౌరవించడమంటే ప్రశ్నించడం కూడా. తలుపు మూసి కనిపించిన వారి మీద జరిగిన బలప్రయోగాన్ని అనుకరణ సూత్రం తగినంతగా వివరించదని నాకనిపిస్తుంది. ఎవరు ఎవరిని అనుకరించడానికి వీలుంది, ఎవరు అనుకరిస్తే శిక్ష పడుతుంది అన్న ప్రశ్నలు 1916 పత్రంలో పూర్తిగా తెరుచుకోవు. 1936లో కుల నిర్మూలన గురించి రాసినప్పుడు అంబేద్కర్ శాస్త్రాల పవిత్రతనే నేరుగా ఎదిరించారు; అసలైన మందు మాత్రం కులాంతర వివాహమేనన్నారు. అంటే ఇరవై ఏళ్ల తర్వాత కూడా అంతర్వివాహం ఆయన విశ్లేషణకు కేంద్రంలోనే ఉంది, దాన్ని నిలబెట్టే శక్తి గురించిన అంచనా మాత్రం మారింది. తొలినాటి మార్క్స్‌నూ మలినాటి మార్క్స్‌నూ పోల్చి వ్యాసం రాయమని అడిగే సిద్ధాంతం పేపర్‌లోనే ఈ మార్పు గురించి కూడా ఒక ప్రశ్న అడగవచ్చు.