కోసీ గట్ల నడుమ రెండు చుక్కలు

మా ఊళ్లో రోటరీ క్లబ్బు తరఫున ఏటా ఒక ఆదివారం బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చుని, తల్లులు ఎత్తుకొచ్చిన పిల్లలకు పోలియో చుక్కలు వేసి, ఎండ ముదిరేలోగా ఇంటికి వచ్చేసేవాణ్ణి. "నిండు జీవితానికి రెండు చుక్కలు" అన్న గోడరాతలు చూసీ చూసీ అలవాటుపడిన నాకు, అదే పనికి పడవ ఎక్కవలసిన చోటు ఒకటుందని 2010 ఫిబ్రవరిలో బిహార్ వెళ్లేదాకా తెలియదు.

పట్నాలో రైలు దిగి, గాంధీ సేతు మీదుగా గంగ దాటి, సహర్సా చేరేసరికి చీకటి పడింది. మండన మిశ్రుడి ఊరుగా చెప్పుకునే మహిషి ఈ జిల్లాలోనే ఉంది. శంకరులతో వాదం జరిగిన చోటు చూడాలని మనసు లాగినా, తెల్లవారితే పని కనుక ఆ కోరిక తీరలేదు. కోసీ నదికి రెండు వైపులా కట్టలు కట్టినప్పుడు వందల ఊళ్లు ఆ కట్టల నడుమే ఉండిపోయాయి. ఏటా వరద వచ్చి, లంకలు కోసుకుపోయి, గుడిసెలు చోటు మారుతుంటాయి. అంతకు ముందటి ఏడాది దేశంలో నమోదైన 741 పోలియో కేసుల్లో అధిక భాగం పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోనూ, బిహార్‌లోనూ వచ్చినవే. మురికినీటి వల్ల విరేచనాలు తరచుగా పట్టుకునే పిల్లల పేగుల్లో చుక్కల మందు సరిగా పనిచేయదు కాబట్టి, మనవైపు నాలుగైదు మోతాదులతో సరిపోయే పని ఇక్కడ అంతకు రెట్టింపైనా తీరదని శిక్షణలో చెప్పారు. ఒకటి, మూడు రకాల పోలియో వైరస్‌లు రెండింటి మీదా పనిచేసే కొత్త మందు ఆ జనవరిలోనే వాడకంలోకి వచ్చింది.

మా జట్టులో ఇద్దరం. ఆశా కార్యకర్తగా పనిచేసే దీదీ, ఆమె సంచి మోయడానికి నేను. ఐస్‌ప్యాకులు సర్దిన క్యారియర్‌ను ఒళ్లో పెట్టుకుని మంచులో పడవ ఎక్కాము. సీసా మీద ఊదారంగు వలయం, దాని మధ్యలో తెల్లటి చదరం ఉంటాయి. వేడి తగిలినకొద్దీ చదరం నల్లబడుతుంది, వలయం రంగులో కలిసిపోతే మందు పారబోయవలసిందే. దీదీ మందు వేసే ముందు ప్రతిసారీ సీసాను వెలుతురుకు ఎత్తి చూసేది.

పని పైకి తేలికే. ఐదేళ్లలోపు పిల్లలకు రెండేసి చుక్కలు వేసి, ఎడమ చిటికెన వేలికి మార్కరుతో గీత గీసి, అందరికీ పడితే గోడ మీద సుద్దతో 'పి' అనీ, ఒక్కరు మిగిలినా 'ఎక్స్' అనీ రాయాలి. నాలుగో గుడిసె దగ్గర దీదీ ఆ సుద్ద నా చేతికిచ్చింది. ఇంట్లో పిల్లలెందరని నాకు వచ్చిన హిందీలో అడిగాను. ముగ్గురని ఆ ఇంటి పెద్దావిడ చెప్పింది. ముగ్గురికీ వేశాము. మట్టి మెత్తిన వెదురు తడిక మీద 'పి' రాశాను. దీదీ వెనక్కి వచ్చి, దాన్ని అరచేత్తో తుడిచేసి, పెద్దావిడను మైథిలిలో వేరే ప్రశ్న వేసింది: "రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు?" లోపల పురిటి గదిలో ఆరు రోజుల పసికందు ఉంది. ఇంకా పేరైనా పెట్టని బిడ్డను వాళ్లు పిల్లల లెక్కలో చేర్చలేదు, అంతే. చూపించడానికి ఏ అభ్యంతరమూ చెప్పలేదు. దీదీ ఆ బిడ్డ బుగ్గలు రెండు వేళ్లతో మెల్లగా నొక్కి, నోరు తెరుచుకోగానే చుక్కలు వేసి, నా వైపు తిరిగి "ఇప్పుడు రాయండి భయ్యా" అన్నది.

మందు వేయడం గంటలో నేర్చుకోవచ్చు. ఈ ప్రశ్న నాకు ఏ శిక్షణలోనూ తట్టి ఉండేది కాదు. సాయంత్రం లెక్క చూసుకుంటే మా జాబితాలో ఒక్క 'ఎక్స్' మిగిలింది. పిల్లవాణ్ణి తీసుకుని తల్లి పుట్టింటికి వెళ్లిందట. ఆ ఊరి పేరు, తండ్రి పేరు చీటీ మీద రాయించి, మర్నాడు అటు వెళ్లే జట్టుకు అందేలా చూసిన తరువాతే దీదీ ఇంటికి కదిలింది.

తిరుగు ప్రయాణంలో సహర్సా ప్లాట్‌ఫారం మీద జనరల్ పెట్టెల ముందు మరో జట్టు క్యారియర్‌తో తిరుగుతోంది. పంజాబ్ పొలాలకు కూలికి పోయే కుటుంబాలు పిల్లాపాపలతో ఆ పెట్టెల్లోనే ఎక్కుతాయి. కిటికీ పక్కనున్న రెండేళ్ల పిల్ల ఎడమ చిటికెన వేలు చూశాను. గీత లేదు. ఊళ్లో వేశారని, ఇసుకతో గిన్నెలు తోముతుంటే పిల్ల కూడా చేతులు పెట్టి గీత చెరిగిపోయిందని తల్లి అన్నది. నేను చేయి ఊపి పిలిస్తే ఆ జట్టమ్మాయి పరుగున వచ్చింది. "రెండోసారి పడినా నష్టం లేదమ్మా" అంటూ కిటికీ చువ్వల్లోంచే చుక్కలు వేసింది. గీత గీసేలోపు బండి కదిలింది. రెండడుగులు బండితో పాటు నడిచి, గీసి, వదిలింది.