గేటు బయట కుక్క మీద కోపం, పక్కనున్న కుక్కకి కాటు

మా ఇంట్లో రెండు కుక్కలు. గేటు అవతల ఇంకో కుక్క కనపడితే చాలు, రెండూ పక్కపక్కనే నిలబడి గొంతు చించుకుంటాయి, అలా అరుస్తూ అరుస్తూనే ఉన్నట్టుండి పెద్దది తిరిగి చిన్నదాని మెడ పట్టేస్తుంది. అప్పటిదాకా ఒకే పరుపు మీద దొర్లిన కుక్కలివి!

దీన్ని రీడైరెక్టెడ్ అగ్రెషన్ అంటారు. పగా కాదు, ఈర్ష్యా కాదు. ఒళ్ళంతా అడ్రినలిన్ ఎక్కేసి ఉంటుంది, అసలు టార్గెట్ అందదు, ఆ ఊపులో పక్కన ఏది తగిలితే దాని మీదకే పోతుంది, అది మన చెయ్యైనా సరే. అందుకే కాలర్ పట్టుకుని లాగొద్దు బాబూ. కోపమే ఉండక్కర్లేదు, కాలింగ్ బెల్ మోగినా, మనం ఇంటికొచ్చామన్న ఆనందంలో ఎగిరినా ఇదే జరగొచ్చు.

తోక ఊపుతోంది కదా అని నమ్మకండి. తోక నిటారుగా పెట్టి, ఒళ్ళు బిగబట్టి, నోరు టక్కున మూసేసి కదలకుండా నిలబడిందంటే అప్పుడే పిలిచి విడదీయాలి. గొడవయ్యాక వెంటనే కలపొద్దు, ఆ వేడి దిగడానికి ఒక్కోసారి గంటలు పడుతుంది. తిడితే ఇంకా రెచ్చిపోతాయి. గేటుకి అడ్డంగా ఏదైనా కట్టి బయట కనపడకుండా చేస్తే చాలా గోల తగ్గుతుంది. ఎప్పుడూ లేనిది కొత్తగా మొదలైతే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి, నొప్పితో ఉన్న కుక్క చిన్న విషయానికే కరుస్తుంది.