మైపాడు ఇసుకలో వేడి లెక్క: ఆరో వారం

నెల్లూరు దగ్గర మైపాడు తీరంలో, తాబేళ్ళు గుడ్లు పెట్టేంత లోతులో ఇసుక ఎంత వేడిగా ఉంటుందో మూడు చోట్ల సెన్సార్లు పూడ్చి కొలుస్తున్నాను. ఈ వారం కొలతలు రాసే ముందు పాతవన్నీ దిద్దాల్సి వచ్చింది. ఎండలో పూడ్చిన సెన్సార్ ఎక్కువ చూపిస్తోందని మొన్న ఆదివారం తేలింది. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందులు నిండేదాకా నీళ్ళు పోసి, మూడు సెన్సార్లనూ రబ్బరు బ్యాండుతో కట్టి పావుగంట ముంచితే రెండు సున్నా దగ్గర ఆగాయి, ఇది మాత్రం 0.6 దగ్గరే ఉండిపోయింది. ఈ పరీక్ష పూడ్చకముందే చెయ్యాలి, మీరెవరైనా మొదలుపెడుతుంటే ముందు ఇదే చెయ్యండి.

అర డిగ్రీకి ఇంత టెన్షన్ ఎందుకంటే, మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలుకి ఆడ మగ తేల్చే క్రోమోజోములు లేవు, తేల్చేది గూటిలోని వేడి. దాదాపు 29, 30 డిగ్రీల మధ్య సగం సగం పుడతాయి, కాస్త తగ్గితే మగవి, పెరిగితే ఆడవి. అదీ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్ల బయటికొచ్చే యాభై రోజుల్లో మధ్య మూడో వంతులోనే తేలిపోతుంది. అలాగని జన్యువులకి పని లేదనుకోకండి. వేడెక్కినప్పుడు అరోమటేజ్ అనే ఎంజైమ్ జోరందుకుని మగ హార్మోన్లని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది, అండాశయం తయారవుతుంది. చల్లగా ఉంటే ఏం జరుగుతుందో 2018లో ఎర్రచెవుల తాబేలు గుడ్లలో చూపించారు: 26 డిగ్రీల దగ్గర కేడీఎం6బీ అనే జన్యువు డీఎంఆర్‌టీ1 అనే ఇంకో జన్యువుని లేపుతుంది, అది వృషణం వైపు నడిపిస్తుంది. జన్యువులు అవే, ఏది మేలుకోవాలో ఇసుక చెబుతోంది! నన్ను ఈ పనిలోకి లాగింది ఈ సంగతే.

నేను గుడ్లు ముట్టుకోను. 1972 వన్యప్రాణి చట్టంలో ఇవి మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. నావన్నీ ఖాళీ గోతులే, లోతు 45 సెంటీమీటర్లు. మధ్యాహ్నం ఒంటిగంటకి పైన అరికాళ్ళు కాలిపోతుంటే, మోచెయ్యి దాటేదాకా చెయ్యి దింపితే ఇసుక తడిగా, వేలికి అంటుకుంటూ, గోరువెచ్చగా ఉంటుంది. వల బాగుచేసుకుంటున్న తాత ఒకాయన "ఏందబ్బాయ్, ఏం పూడుస్తుండావు?" అని అడిగి, తాబేళ్ళు ఎప్పుడూ అలల పోటు దాటి పైకెక్కాకే తవ్వుతాయని చెప్పాడు. రెండో గొయ్యి అందుకే పైకి జరిపాను.

దిద్దిన లెక్క ఇది. ఎండలో 29.7, తాటాకు పందిరి కింద 28.6, సరుగుడు నీడలో 27.9. మొన్నటిదాకా ఎండ గొయ్యి 30.3 చూపిస్తుంటే గుడ్లుంటే ఎక్కువగా ఆడవే అనుకున్నాను, ఇప్పుడది సగం సగం. నిజం గూటిలో పిండాల సొంత వేడి కూడా తోడవుతుంది, కాకపోతే అది ఎక్కువగా చివరి రోజుల్లో, అప్పటికే ఆడమగా తేలిపోయి ఉంటుంది.

ఇంకోటి, ఆ లోతులో పగటికీ రాత్రికీ తేడా అర డిగ్రీ కూడా రావడం లేదు. గంటకోసారి కొలిచి పవర్ బ్యాంక్ ఊరికే ఖర్చు చేశాను, ఆరు గంటలకోసారి చాలు. ఉప్పుగాలికి వైరు అతుకులు పచ్చబడ్డాయి, ఎంసీల్ పెట్టి పైన సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను.

ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తరపు గూళ్ళ నుంచి వచ్చిన పచ్చ తాబేళ్ళలో వయసుకి రానివి 99 శాతం ఆడవేనని 2018లోనే తేలింది. మన దగ్గర అసలు ఎండలు ఇంకా మొదలే కాలేదు. వచ్చే వారం పందిరి మీద ఇంకో వరస తాటాకు కప్పి ఎంత దిగుతుందో చూస్తాను.