కాటా లేనిదే కుదరని ఊరగాయ: నా అనుభవం

టోక్యోలో నిషి కసాయ్ వైపు కాపురం పెట్టాక ఇక్కడి భోజనంలో నాకు బాగా నచ్చినవి అన్నం పక్కన చిన్న పళ్లెంలో పెట్టే కూరగాయ ముక్కలు. ముల్లంగో, కీరదోసో, క్యాబేజీయో నాలుగంటే నాలుగే ముక్కలు. కారం ఉండదు, నూనె ఉండదు, తాలింపు అసలే ఉండదు. అయినా ముద్దకీ ముద్దకీ మధ్య ఒకటి కొరికితే నోరు శుభ్రపడి మళ్లీ ఆకలేస్తుంది. ఇలాంటి ఊరగాయలన్నిటినీ కలిపి త్సుకెమోనో అంటారు. వాటిలో కొన్ని గంటల్లో తయారయ్యేది అసాజుకె.

నేను శాకాహారిని. సూపర్‌మార్కెట్‌లో దొరికే అసాజుకె ప్యాకెట్ల వెనక చదివితే చాలావాటిలో ఎండు చేప సారం ఉంటోంది. కూరగాయ ముక్కలే కదా అని తీసుకోవడానికి లేదు, ప్రతిసారీ అక్షరం అక్షరం చూసుకోవాలి. ఆ టెన్షన్ పడలేక, ఇంట్లోనే చేసుకుందామని మా పక్క ఫ్లాట్‌లోని పెద్దావిడను అడిగాను. ఆవిడ ముందుగా అడిగింది కూరగాయల గురించి కాదు, ఇంట్లో కాటా ఉందా అని.

మన ఇళ్లలో ఉప్పు చేతి అంచనాతో పడుతుంది. ఆవకాయకైనా గిన్నె కొలతే తప్ప తూకం తక్కువ. ఇక్కడ మాత్రం తరిగిన ముక్కల్ని తూచి, ఆ బరువులో రెండు శాతం ఉప్పు వేయాలి. అరకిలో ముక్కలకు 10 గ్రాములు. జపాన్ వాళ్లు వాడే 5 మిల్లీలీటర్ల చెంచాతో సన్న ఉప్పు తలగొట్టి కొలిస్తే 6 గ్రాములు వస్తుంది కాబట్టి, ఒకటిన్నర చెంచా కంటే కాస్త ఎక్కువ. అదే ఉమెబొషి అనే ఎండబెట్టిన పుల్లటి పండు ఊరగాయకైతే పాత పద్ధతిలో 18 నుంచి 20 శాతం ఉప్పు పడుతుంది. అందుకే అది మన ఆవకాయలాగా ఏళ్లకేళ్లు నిలవుంటుంది. రెండు శాతంతో చేసింది రెండు మూడు రోజుల్లో తినేయాలి. ఈ లెక్క అర్థమయ్యాక మిగతాదంతా తేలికైపోయింది.

నేను ఎక్కువగా చేసేది క్యాబేజీ, కీరదోస, కొంచెం క్యారెట్ కలిపి. క్యాబేజీ ఆకుల్ని రెండు వేళ్ల వెడల్పున తరిగి, మధ్యలో గట్టి ఈనెను మాత్రం ఏటవాలుగా పల్చగా కోస్తాను, లేకపోతే ఆకు ఊరినా ఈనె పచ్చిగానే ఉంటుంది. కీరదోసల్ని కోసే ముందు కూరగాయలు తరిగే చెక్క మీద ఉప్పు చల్లి అరచేత్తో దొర్లించి కడిగేస్తే గరుకు పోతుంది, రంగు కూడా నిగనిగలాడుతుంది. క్యారెట్ అగ్గిపుల్లలంత సన్నగా ఉండాలి.

రుచికి ప్రాణం కొంబు. అది ఎండబెట్టిన సముద్రపు నాచు. వేలెడు ముక్కను తడిగుడ్డతో తుడిచి, కత్తెరతో దారాల్లాగా కత్తిరించి కలుపుతాను. 1908లో టోక్యోలో రసాయన శాస్త్రవేత్త ఇకెదా కికునాయె దీని నుంచే కమ్మటి రుచినిచ్చే గ్లుటమేట్ అనే పదార్థాన్ని విడదీసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. చేప లేకుండానే ఆ కమ్మదనం వస్తుంటే ఇంకేం కావాలి! గింజలు తీసిన ఎండుమిర్చి ఒకటి, సన్నగా తరిగిన అల్లం, చలికాలమైతే యుజు అనే నిమ్మజాతి పండు తొక్క కూడా వేస్తాను. యుజు దొరకకపోతే నిమ్మ తొక్క చాలు.

అన్నీ గిన్నెలో వేసి, ముక్కలు మెత్తబడేదాకా చేత్తో నెమ్మదిగా పిసకాలి. ఆ తర్వాత బరువు. పాతకాలం ఇళ్లలో దీనికోసమే ఒక రాయి ఉండేదట. పక్కింటావిడ దగ్గర మరతో బిగించే ప్లాస్టిక్ డబ్బా ఉంది. నేను ముక్కల మీద పళ్లెం బోర్లించి, రెండు లీటర్ల నీళ్ల సీసా పెడతాను. చుక్క నీరు పోయకపోయినా కాసేపటికి అంచుల్లో తడి కనిపిస్తుంది, తర్వాత ముక్కలు మునిగేంత నీరు ఊరుతుంది. ఉప్పు లాగిన నీరంతా కూరగాయదే. దాన్ని చూడటం నాకిప్పటికీ ఇష్టం. రెండు గంటలకే తినొచ్చు గానీ, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే కొంబు బాగా దిగుతుంది. తినే ముందు గట్టిగా పిండాలి, కడగకూడదు.

శుభ్రం విషయంలో మాత్రం రాజీ పడను. ఇది పులిసేది కాదు, ఉడికేదీ కాదు. అంటే పచ్చి కూరగాయతో సమానం. 2012లో హొక్కైదోలో చైనా క్యాబేజీ అసాజుకె ద్వారా ఓ157 అనే ఈ.కోలి బాక్టీరియా సోకి 8 మంది చనిపోయారు. ఆ తర్వాత నిబంధనలు కట్టుదిట్టం చేశారు, 2024 జూన్ నుంచి త్సుకెమోనో తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు తప్పనిసరి. ఊళ్లలో ఇంటి వంటగదిలోనే చేసి అమ్ముకునే పెద్దవాళ్లు చాలామంది ఆ ఖర్చు భరించలేక మానేశారు. నిబంధన అవసరమే, అయినా వాళ్ల చేతి రుచి పోతోందంటే బాధగా ఉంటుంది. ఇంట్లో మాత్రం ఆకు ఆకూ విడదీసి కడగడం, చేతులు, గిన్నె శుభ్రంగా ఉంచుకోవడం, బయట వదిలేయకుండా ఫ్రిజ్‌లో పెట్టడం మన చేతిలో పని.

వెనిగర్‌తో చేసేది ఇంకా సులువు. 100 మిల్లీలీటర్ల బియ్యం వెనిగర్‌లో మూడు పెద్ద చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కరిగేదాకా వేడి చేసి, చల్లార్చి ముక్కల మీద పోయడమే. ఎండాకాలం మొదట్లో వచ్చే లేత అల్లాన్ని పల్చగా కోసి ఒక్క నిమిషం ఉడికించి ఇందులో వేస్తే, రంగు వేయకుండానే లేత గులాబి రంగులోకి తిరుగుతుంది. సుషీ పక్కన పెట్టేది ఇదే.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు మొదటి ముక్క తిని, "ఏమే, ఇందులో కారం ఏదే?" అంది. మర్నాడు పెరుగన్నంలోకి తనే అడిగి పెట్టించుకుంది. నిజంగానే పెరుగన్నానికి ఇది చాలా బాగుంటుంది, ముఖ్యంగా అల్లం ఎక్కువ వేసిన క్యాబేజీ. మూడో రోజుకి మిగిలితే గట్టిగా పిండి, నువ్వుల నూనెలో వేయించి అన్నంలో కలిపేస్తాను. అందులోకి వేరే ఉప్పు అక్కర్లేదు.