నల్లరాయిని ఫొటో తీయించడం

చీమకుర్తిలో మాది చిన్న పాలిషింగ్ యూనిట్. బ్లాక్ గెలాక్సీ గురించి మా ప్రకాశం జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి, అవి బ్రాంజైట్ అనే ఖనిజం రేకులు, ఆ మెరుపు చూసే రామతీర్థం చుట్టుపక్కల క్వారీల రాయిని విదేశాల వాళ్లు కూడా కొంటారు. ఫొటోలో ఆ చుక్క కనపడకపోతే ఇక మా రాయికీ మామూలు నల్లరాయికీ తేడా ఏముంది?

కేటలాగ్ కోసం పోయినేడు మొదట పెళ్లిళ్లు తీసే స్టూడియో వాళ్లని పిలిచాం. పాపం, రోజంతా కష్టపడ్డారు. కానీ పాలిష్ పట్టిన స్లాబ్ అంటే అద్దమే కదా, షెడ్డు రేకులు, ఆకాశం, కెమెరా పట్టుకున్నబ్బాయి చొక్కా అన్నీ అందులో పడ్డాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే మధ్యలో తెల్లటి మచ్చ. 40 స్లాబుల్లో ఒక్క ఫొటో పనికిరాలేదు.

రెండోసారి కమర్షియల్ స్టూడియోలని వెతికాను. రేటు అడిగేముందే, గాజు, స్టీలు లాంటి నిగనిగలాడే వస్తువులు మీరు తీసినవి చూపించండి అన్నాను. ఇద్దరు పెళ్లి ఆల్బమ్‌లే పంపారు, మూడో ఆయన గాజు సీసాల ఫొటోలు పంపాడు, ఆయన్నే పిలిచాం. షూటింగ్‌కి ఒకరోజు ముందే వచ్చి కెమెరా బ్యాగు కూడా తెరవకుండా షెడ్డంతా తిరిగాడు. "సార్, ఎండ ఇటు ఎన్నింటికి పడుతుంది? పక్క క్వారీలో పేలుళ్లు ఎప్పుడు? స్లాబ్ జరపడానికి క్రేన్ మనకి ఎంతసేపు దొరుకుతుంది?" అని అడుగుతుంటే నాకు సగం టెన్షన్ అక్కడే తగ్గింది.

మర్నాడు స్లాబ్ ఎదురుగా పెద్ద నల్లగుడ్డ కట్టి, దానికి చేసిన చిన్న కంతలోంచి లెన్స్ పెట్టి, లైటు మాత్రం పక్కనుంచి ఏటవాలుగా వేశాడు. చుక్కలు ఒక్కసారిగా లేచాయి! దుమ్ములో లెన్స్ మార్చకూడదని రెండు కెమెరాలు తెచ్చుకున్నాడు, ప్రతి స్లాబ్ ముందూ బూడిదరంగు కార్డు పెట్టి ఒక ఫొటో తీసుకున్నాడు, రంగు సరిచూసుకోవడానికి. నలుపు కాస్త నీలంగా తిరిగినా సరుకు చేరాక గొడవలొస్తాయి.

క్వారీని పైనుంచి తీయడానికి డ్రోన్ ఉందన్నాడు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బుకి షూట్ చేయాలంటే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి కాబట్టి అది చూశాకే సరే అన్నాం.

డబ్బు సంగతి: రోజు లెక్క, దానిమీద ప్రయాణం, ఒంగోలులో రూము, అసిస్టెంట్, ఎడిటింగ్, ఆపైన 18 శాతం జీఎస్టీ. ఇవన్నీ కొటేషన్‌లో విడివిడిగా రాయించుకోండి. చివరి లైను తప్పకుండా చదవండి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెప్తుంది. మా కొటేషన్‌లో హక్కులు స్టూడియోవే అని ఉంది. అడిగితే మారు మాట్లాడకుండా కొట్టేశాడు.

ఫొటోలు వచ్చినరోజు కంప్యూటర్‌లో పెద్దవి చేసి మా కటింగ్ మేస్త్రీకి చూపించాను. స్క్రీన్ దగ్గరికి వంగి కాసేపు చూసి, "ఇది ఆ మూడో బ్లాకులోది గదా బాబూ" అన్నాడు. అవును, దానిదే.